కొట్టమని రాయించిన ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అంటరు. పెండ్లిండ్ల సంగతి నాకంతగా తెల్వదు. ఇండ్లు మాత్రం కట్టిన. నావి గావు, పరాయోళ్లవి. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాక, నడుమ వనపర్తి, పాన్‌గల్ దిక్కు పల్లెలల్ల మన్ను తొక్కిన, గోడ పెట్టిన, మిద్దె ఏసిన. మోకాళ్లు ఇంక వంగమన్నంక పని ఇడిసిన.

ఇప్పుడు మా మనుమడు ఇండ్ల పని గుత్త పడుతుండు. వాని జతగాళ్లు కూడా ఈ పనిలనే దిగిండ్రు. సిమెంటు, ఇనుము, నక్ష అంటరు. గోడ ఎట్ల పెట్టాల్నో వాండ్లకు నేను చెప్పేది లేదు. మా మట్టి గోడలంటే వాండ్లకు నవ్వులాట. మొన్న ఒకాయన మావాని దగ్గరికి వచ్చి, "పెరట్ల చిన్న అర్ర ఏసియ్యి. పర్మిషన్ గిర్మిషన్ ఏమద్దు. సామాన్ల గది అని రాసుకుందాం" అన్నడు. మావాడు "గంతే కదా" అన్నడు. నేను అరుగు మీద కూసొని చింతపండు ఒలుస్తున్న. ఆ మాట చెవిన పడ్డంక చింతపండు పక్కకు పెట్టిన. అందుకే ఇది రాస్తున్న.

నేను బడికి పోయింది కొద్ది రోజులే. అక్షరాలు కూడబలుక్కునేటప్పటికి మా నాయిన మాన్పిచ్చిండు. రాత వంకర పోతే చదివేటోళ్లు మెడ వంచుకోని చదువుకోవాలె. కాగితం ఖరాబు చెయ్య, చెప్పాల్సిందే చెప్త.

ఎవరి కోసం అడుగుతరు

సంతోషంగ వచ్చి పెరటి అర్ర అడిగినోళ్లను నేను చూడలే. కొత్త ఇల్లు కట్టుకునేటోని మొకం వేరే ఉంటది. వాడు బెల్లం పంచుతడు, మేకను కోస్తడు. పెరట్ల అర్ర అడిగేటోడు గొంతు తగ్గించి మాట్లాడుతడు. ఇంట్ల ఒక మనిషి ఉంటరు. వాళ్లను నడింట్ల ఉంచుకోలేరు, ఊరికి చెప్పి బయటికి పంపలేరు. దగ్గే తండ్రి, పొసగని కోడలు, మొగడు పోయి తిరిగొచ్చిన ఆడిబిడ్డ. వాళ్ల కోసం అడుగుతరు ఆ అర్ర.

నిజాం రోజులల్ల, మా దిక్కు సంస్థానాల రోజులల్ల, ఇట్ల ఉన్న ఇంట్ల ఇంకొక ఇల్లు ఏసుకోవాల్నంటే కచేరిల ఇజాజత్ తీసుకోవాలె. ఇజాజత్ అంటే ఇప్పుడు మీరనే పర్మిషనే. దరఖాస్తు మీద ఇంటి యజమానిది ఒక్కటే వేలిముద్ర సరిపోదు. ఆ జాగల హక్కున్న దాయాదులందరూ ఏలు ఒత్తాలె. పక్కింటోళ్లు ఒప్పుకోవాలె. గోడ ఎవరిది, మిద్దె మీది నీళ్లు ఏ దిక్కు పడతయి, మిద్దె ఎక్కితే ఎవరి వాకిలి కనపడతది, అన్నీ తెగాలె. అటెన్క కచేరి నుంచి గిర్దావర్ అనే అధికారి వచ్చి జాగను కండ్లతోని చూస్తడు. అప్పుడు ఇజాజత్.

పశువుల కొట్టానికి ఇవేవీ లేవు. ఇంటి యజమాని ఒక్కడు అడిగితే సాలు. అందుకే చానామంది ఇల్లు కట్టి కొట్టమని రాయిస్తుండ్రి.

ఇంటికీ కొట్టానికీ ఫరక్ ఎక్కడంటే, గడప దగ్గర. గోడలు అవే, మిద్దె అదే. కొట్టానికి గడప ఉండదు, పశువు కాలు తగుల్తదని. మనుషులుండే అర్రకు గడప లేకుంటే ఏ ఆడది అండ్ల పొయ్యి పెట్టది. అందుకే గిర్దావర్లు వస్తే ముందు మిద్దె దిక్కు చూడకపోతుండ్రి, కాళ్ల దిక్కు చూస్తుండ్రి.

మా మామ

నాకు పని నేర్పింది మా మామ, నా పెనిమిటి తండ్రి. మాది ఉప్పరోళ్ల గుంపు, ఆయన గుంపుకు పెద్ద. మంచోడని రాయను. నోరు చెడ్డది. ఆడోళ్ల కూలి కాడ చెయ్యి ముడుచుకుంటుండె. గాని పని కాడ అబద్ధం ఆడకపోతుండె. మట్టి గోడ ఒక వరుస పెట్టినంక అది ఆరాలె, అటెన్కనే పై వరుస. పనిచ్చినోళ్లు తొందర పెడితే ఆయన ఒకటే మాట అంటుండె. "పచ్చి గోడ మీద దూలం పెట్ట, పచ్చి మాట మీద గోడ పెట్ట." పక్కింటోళ్ల మాట ఖాయం కాకుంటే పార పట్టకపోతుండె.

నాగర్‌కర్నూల్ల ఒక ఇంట్ల దగ్గే ముసలాయనకు పెరట్ల అర్ర అన్నరు. క్షయ. ఇంట్ల చిన్నపిల్లలున్నరు. పక్కలోళ్లతోని మాట ఖాయమైందని ఇంటోళ్లంటే, మేము పోయి మన్ను తవ్వి, నీళ్లు పోసి నానబెట్టినం. అప్పుడు పక్కింటాయన గోడ మీద నుంచి తలకాయ పెట్టి, "మీ మిద్దె నీళ్లు మా గోడ మీద పడితే మా గోడ ఉంటదా?" అన్నడు. నీళ్లు అటు దిక్కు తిప్పుకుంటమంటే అవుతలి ఇంటాయన లేచిండు. ఇద్దరు ఒప్పుకోనిది ఇజాజత్ రాదు. మామ పార పక్కకు పెట్టిండు.

ఆ ముసలాయన రోజూ కర్ర పట్టుకోని మా మన్ను కుప్ప కాడికి వస్తుండె.

"ఏం పిల్లా, నా ఇల్లు ఎందాక వచ్చె?"

"మిద్దె నీళ్లు ఏ దిక్కు పడాల్నో తెగలే తాతా."

"నా నెత్తి మీద పొయ్యిండ్రి. జల్ది తెగుతది" అని నవ్విండు. నవ్వుతోనే దగ్గొచ్చింది. కోడలు లోపలి నుంచి, "ఆయనను మాట్లాడియ్యకుండ్రమ్మా" అని కేకేసింది. ఆమెకు కోపమో భయమో నాకు తెల్వదు.

వానలు వచ్చినయి, పోయినయి. పక్కింటోళ్లు ఎప్పుడు ఒప్పుకున్నరంటే, ఆయనను కాటికి తీసుకపోయినంక. మేము నానబెట్టిన మన్ను పాడు చెయ్యొద్దని ఆ ఇంటోళ్లు ఎడ్లు మేత తినే గాడి పెట్టించుకున్నరు. నేనే పెట్టిన. ఆ గోడలు ఆరినంక మామ చెయ్యేసి చూసి, "గట్టిగొచ్చింది" అన్నడు.

అండ్ల నేర్చుకున్నది ఇంతే. మన్ను కన్న ముందు నీళ్ల తోవ తెంపుకోవాలె. మా మనుమడు నక్షల కిటికీలు గీస్తడు, నీళ్ల తోవ గీయడు. చెప్తే, "పైపు ఉంటదిలే అవ్వా" అంటడు. పైపు కూడా ఏదో ఒక ఇంటి దిక్కే పోవాలె కద బిడ్డా.

లింగమ్మ తెచ్చుకున్న దర్వాజ

నా పెనిమిటి ఒక మిద్దె మీద నుంచి పడి నడుము ఇరగ్గొట్టుకున్నడు. మామ మంచం పట్టిండు. గుంపు నా చేతికొచ్చింది. ఆడది మేస్త్రా అని నవ్విండ్రు. పని అగ్గువకు చేస్తనన్నంక నవ్వుడు బంద్ చేసిండ్రు.

అప్పటి సంగతి ఇది. ఊరి పేరు రాయను. గద్వాలకూ వనపర్తికీ నడుమ ఊరు అనుకోండ్రి. ఆ ఇంటోళ్ల పిల్లలు ఇంకా ఉన్నరు.

హన్మంతు అనే రైతు మా కాడికి వచ్చిండు. ఆయన చెల్లె లింగమ్మ. ఉప్పునుంతల దిక్కు ఇచ్చిండ్రు. పిల్లలు లేరు. మొగడు పోయినంక అత్తింటోళ్లు భూమి ఇయ్యలే. ఇల్లు కూడా ఇయ్యలే. ఆ ఇంటికి పెట్టిన కర్ర మాత్రం నీ మొగడు చేయించిందే, పీక్కపో అన్నరు. లింగమ్మ నిజంగనే పీక్కొచ్చింది. ఎడ్లబండి మీద దూలాలు, దంతెలు, వాటి మీద ఒక దర్వాజ చట్రం, రెండు తలుపులు. బండి ముందల పుట్టింటికి నడుచుకుంట వచ్చింది.

ఆ దర్వాజ నేను చూసిన. మద్ది కర్ర. పెద్ద నగిషీ ఏం లేదు, గడప మీద మాత్రం నడుమల ఒక పువ్వు చెక్కి ఉంది. పసుపు పూసీ పూసీ ఆ పువ్వు సగం అరిగింది. మూడు దిక్కులా కమ్ములు, కింద గడప, అంతా ఒక్కటే బిగింపు.

లింగమ్మ నన్ను చూసి, "ఇల్లు తెచ్చుకున్న వదినా. జాగ లేదు, గంతే" అన్నది.

హన్మంతు పెరట్ల జాగ ఉండె. చెల్లెకు ఒక అర్ర ఇస్తనని ఆయన మనస్ఫూర్తిగనే అన్నడు. దరఖాస్తు రాయిస్తందుకు దాయాది ఎల్లప్ప కాడికి పోయినం. ఎల్లప్ప హన్మంతు చిన్నాయిన కొడుకు. ఇల్లు ఇద్దరిదీ, ఇంకా పంపకం కాని జాగ.

"కూడు పెడదాం. బట్టలిద్దాం. నా చెల్లె కాదా?" అన్నడు ఎల్లప్ప. "గాని ఏలు మాత్రం ఒత్తను. ఆడపిల్లకు పుట్టింట్ల గడప పెడితే భాగం పెట్టినట్టే. ఈమె పోయినంక ఆ గడప పట్టుకోని ఆమె మరిది కొడుకులు వస్తరు."

"నేను చచ్చేటప్పుడు గడప నాతోనే తీసుకపోతలే అన్నా" అన్నది లింగమ్మ.

ఎల్లప్ప నవ్వలే. ఆయన చెడ్డోడని నేను అనను. ఆయనకు భయం ఉండె. భయమున్నోడు చెడ్డోని కన్న గట్టిగ పట్టుకుంటడు.

పక్కిల్లు మదార్ సాబ్‌ది. రంగులద్దే పని. ఆయన కాడికి పోతే, "మిద్దె ఎక్కినప్పుడు మా ఆడోళ్లు కనపడకుండ ఆ దిక్కు పిట్టగోడ జర ఎత్తుగ పెట్టు నాగమ్మా. నీళ్లు నా దిక్కే ఇడువు, నా రంగుల కాగులు కడుక్కుంట" అన్నడు. పరాయాయన మాటల మీద ఒప్పుకున్నడు. ఒప్పుకోనిది ఇంటాయనే.

వానలు దగ్గరికొచ్చినయి. లింగమ్మ గడ్డివాము పక్కన పంటుండె. హన్మంతు పెండ్లాము చెన్నమ్మ, "ఇంట్ల జాగ ఎక్కడుందమ్మా, పిల్లలు ఒకని మీద ఒకడు పంటుండ్రు" అంటుండె. అది అబద్ధం కూడా గాదు.

దరఖాస్తులు రాసేటాయన తోవ చెప్పిండు. కొట్టమని రాయించుండ్రి, హన్మంతు ఒక్కని ఏలు సాలు. వచ్చే ఏడు ఎల్లప్ప మనసు మెత్తబడ్డంక ఇల్లని మార్పించుకోవచ్చు.

మరి దర్వాజ? వడ్లాయన వచ్చి చూసి, గడప కోసేస్త అన్నడు. గడప లేకుంటే కొట్టం దర్వాజ అయితది. రంపం తీసిండు. లింగమ్మ పోయి గడప మీద కూసున్నది.

"కొయ్యి. నన్నూ, దీన్నీ కలిపి కొయ్యి."

వడ్లాయన నా దిక్కు చూసిండు. అప్పుడు అనుకున్నం, గడపను భూమిల దింపాలె అని. జానెడు లోతు కాలువ తీసి, దర్వాజను గడపతో సహా అండ్ల నిలబెట్టి, గడప మీద మన్ను కప్పి అలికితే కింద ఏముందో ఎవరికి తెలుస్తది? ఇజాజత్ వచ్చినంక గోడ అడుగు ఇప్పి దర్వాజ పైకి లేపొచ్చు. ఈ ఉపాయం నేను కొత్తగ కనిపెట్టింది గాదు. మా దిక్కు గుంపులన్నీ చేస్తుండ్రి, వానకాలం కోసం ఒక్క ఏడు.

మంచంల ఉన్న మామకు చెప్పిన. ఆయన కండ్లు మూసుకోనే, "మన్నుల పాతిన కర్ర మొలుస్తదా పిల్లా?" అన్నడు.

లింగమ్మకు అదే చెప్పిన. ఎల్లప్ప ఒప్పుకునే దాక ఆగుదాం, గడప బయటికే పెడదాం అన్న.

"వదినా, ముందు తల దాచుకోని. గడప సంగతి అటెన్క" అన్నది.

ఆకలిగున్నోళ్లకు వచ్చే ఏడు పంట గురించి చెప్పి లాభం లేదు. పని మొదలుపెట్టిన.

మదార్ సాబ్ బర్రె

తలుపులు బిగించలే. తలుపు తిరగాల్నంటే దాని కింది కొన గడపల ఉన్న గుంతల కూసోవాలె. గడప మన్ను కింద ఉండె. అందుకని దర్వాజకు ఒక తడక కట్టినం, కొట్టాలకు కట్టినట్టే. రెండు తలుపులను లోపల గోడకు ఆనిచ్చినం.

గిర్దావర్ వస్తుండని తెలిసింది. కొట్టమంటే పశువు ఉండాలె కద. హన్మంతు ఎడ్లు పొలం కాడ. మదార్ సాబ్ తన బర్రెను ఇచ్చిండు. లోపల గడ్డి పరిచి బర్రెను కట్టేసినం. తలుపుల మీద గోనె కప్పినం.

గిర్దావర్ పెద్దమనిషి, సన్నగున్నడు. దర్వాజ కాడ నిలబడి కిందికి చూసిండు. కాలుతోని జర రాసి చూసిండు. అలికిన నేల. లోపలికి పోయిండు.

"బర్రె ఎవరిది?"

"మాదే సాబ్" అన్నడు హన్మంతు.

అప్పుడే గోడ అవుతల మదార్ సాబ్ భార్య పాలచెంబు కడిగిన సప్పుడైంది. ఆ సప్పుడు ఇని బర్రె తాడు తెంపుకునేటట్టు ఆ దిక్కు గుంజి అరిచింది. మేమందరం బిగుసుకపోయినం. గోడ అవుతల ఆమె ఆపుకోలేక నవ్వుడు కూడా ఇనపడ్డది.

"బర్రెకు తన ఇల్లు ఎరికే" అన్నడు గిర్దావర్.

ఆయన బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంట నా దిక్కు చూసిండు. "మేస్త్రమ్మా, నేను చూసింది రాస్త. కొట్టం చూపిచ్చిండ్రు, కొట్టమని రాస్త. రేపు మీరు దీన్ని ఇల్లంటే ఇల్లు గాదు. ఎరికేనా?"

హన్మంతు మజ్జిగ తెచ్చి ఇచ్చిండు. ఆయన తాగి పోయిండు.

నా వృత్తిల నాకు సూటిగ మాట చెప్పిన అధికారి ఆయనొక్కడే. మేము ఆ మాట ఇన్నం. ఇన్నం గాని, అప్పుడు మాకు గండం గడిచిందన్న సంబురమే ఎక్కువుండె. ఆ పూట లింగమ్మ బర్రెకు ఇన్ని నానిన శనగలు పెట్టింది. "నీ పుణ్యాన ఇల్లొచ్చెనే" అని దాని మెడ నిమిరింది.

ఈ ఏడు గాదు, వచ్చే ఏడు

మీరు రాసిపెట్టుకోండ్రి. ఇప్పటికి ఇట్ల కానియ్యి, తర్వాత సరిచేద్దాం అన్న పనే చివరి దాక ఉంటది.

వానలు పోయినంక నేను హన్మంతును అడిగిన, దర్వాజ లేపుదామా అని. "ఎల్లప్ప కోపం మీదున్నడు. ఈ ఏడు గాదు, వచ్చే ఏడు" అన్నడు. వచ్చే ఏడు కరువు. ఆ పై ఏడు పెద్దబిడ్డ పెండ్లి, దాయాదితోని తగువొద్దు. ఆ దిక్కు పనికి పోయినప్పుడల్లా అడుగుతుంటి. అడిగినప్పుడల్లా ఆయన తల గోక్కుంటుండె. మంచోడే. మంచోని వాయిదా చెడ్డోని వాయిదా కన్న పొడుగు, ఎందుకంటే ఎవరూ ఆయన మీద కోపం పెట్టుకోరు.

లింగమ్మ ఆ అర్రల ఉండె. పొయ్యి పెట్టుకున్నది. తలుపులకు ఆముదం రాస్తుండె, చెదలు పట్టకుండ. పండుకుంటే అవి కండ్ల ముందల ఉంటయంట. నేను పోయినప్పుడు ఒక శుక్రవారం చూసిన. దర్వాజ కాడ ఉత్త నేల మీద, కింద గడప ఎంత పొడుగుందో అంత పొడుగు, పసుపు పూస్తుంది. పువ్వు ఉన్న కాడ ఒక సుక్క పెట్టింది.

చెన్నమ్మ నీళ్ల బిందె తీసుకపోతూ, "కొట్టానికి పసుపేంది ఆడిబిడ్డా? బర్రె పేరంటానికి వస్తదా?" అన్నది.

"వస్తే నీకే బొట్టు పెట్టి పిలుస్త వదినా, నువ్వూ రా" అన్నది లింగమ్మ.

ఇద్దరూ నవ్విండ్రు. వాళ్ల నడుమ పగ లేదు. జాగ లేదు, గంతే.

తవ్వుడు

ఒక ఎండకాలం గత్తర వచ్చింది, వాంతులూ బేదులూ. హన్మంతు పోయిండు. ఆ ఇంట్ల ఒక పిల్లవాడు కూడా.

దినాలు అయినంక ఎల్లప్ప జాగ పంచుకుందామన్నడు. పెరడు సగం ఆయనకు పోతది. ఆ సగంల లింగమ్మ అర్ర పడ్డది. ఊరి పెద్దలు కూసున్నరు. కట్టినదాన్నని నాకు కబురొచ్చింది. పాన్‌గల్ కాడ పని ఇడిసిపెట్టి పోయిన.

"మేస్త్రమ్మా, నువ్వు కట్టింది ఏంది?" అని అడిగిండ్రు.

"ఇల్లు" అన్న.

"ఇజాజత్‌ల కొట్టమని ఉంది."

"ఇజాజత్ అట్ల తీసుకున్నం. కట్టింది ఇల్లే."

మదార్ సాబ్ లేచి నిలబడ్డడు. "ఆ బర్రె నాదయ్యా. ఒక్క పూటకు ఇచ్చిన. అటెన్క ఆడ పశువును కట్టింది లేదు. అల్లా సాక్షి." ఆయన మేలు చెయ్యాల్నని చెప్పిన మాట అది.

పెద్దలల్ల ఒకాయన మెల్లగ అన్నడు, "అంటే కచేరికి అబద్ధం చెప్పిండ్రన్నట్టు. అబద్ధం చెప్పి తీసుకున్న ఇజాజత్ మీద ఇల్లు ఎట్లయితది?"

అదీ చిక్కు. కొట్టమంటే లింగమ్మకు హక్కు లేదు. ఇల్లంటే ఇజాజతే లేదు. ఏ దిక్కు తిరిగినా ఆమె బయటనే. నాకు అది అప్పుడు, అంతమంది నడుమ నిలబడ్డప్పుడు సమజైంది. గిర్దావర్ చెప్పులు తొడుక్కుంట చెప్పింది అదే.

చెన్నమ్మను అడిగిండ్రు. కొంగు కప్పుకోని, తల వంచుకోని, "నా పిల్లలున్నరు. కాగితంల ఏముంటే అదే" అన్నది.

అప్పుడు లింగమ్మ మాట్లాడింది. "పశువుల కొట్టానికి గడప ఉంటదా?" అని అడిగింది. ఉండదన్నరు. "నాదానికి ఉంది. మన్ను కింద ఉంది. నా మొగడు చేయించిన గడప. చూసి చెప్పుండ్రి కొట్టమో ఇల్లో."

పెద్దలు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. కాగితం కన్న గడప పెద్దదని వాళ్లకూ లోపల ఉంటది. గడప తొక్కి ఒక ఆడదాన్ని ఎల్లగొట్టుడు ఎవరికీ ఇష్టముండదు. "సరే, చూపియ్యి" అన్నరు. ఎల్లప్ప కూడా వద్దనలే.

గడ్డపార నేను పట్టుకోబోతే లింగమ్మ తీసుకున్నది. "నేను తవ్వుత వదినా, నీకు పువ్వు ఏడుందో తెల్వదు."

పై పొర పచ్చగ వచ్చింది. అన్నేండ్ల పసుపు మన్నుల ఇంకి, అరచెయ్యి మందం. దాని కింద ఎర్రమన్ను. ఆ కింద గడ్డపార తగలాలె. తగల్లే. మెత్తగ దిగింది.

ఆమె గడ్డపార పక్కకు పెట్టి చేతులతోని తీసింది. గడప ఉన్న కాడ చెదమన్ను ఉండె. పొడుగూ అంతే, వెడల్పూ అంతే, గడప పోత పోసినట్టు. కర్ర మాత్రం బొటనవేలంత కూడా లేదు. పట్టుకుంటే పొడి. నిలువు కమ్ములు కూడా అడుగున డొల్ల. పై నుంచి చూస్తే నిటారుగ నిలబడ్డయి, కింద ఏం లేదు.

గోడ అడుగుల పెట్టే కర్రకు రాళ్లు పేర్చి సున్నం పొయ్యాలె. ఒక్క వానకాలం కోసం దింపినదానికి ఎవరు పోస్తరు? బూడిద చల్లినం. ఒక ఏడు ఆగుతది బూడిద.

ఒక పెద్దాయన వంగి చూసి, "ఏది తల్లీ?" అన్నడు. ఎగతాళికి గాదు, నిజంగనే అడిగిండు.

లింగమ్మ ఆ గుంతల చెయ్యి పెట్టి జరసేపు వెతికింది. పువ్వు ఉన్న కాడ. అటెన్క తీసిన మన్ను మళ్ల పోసి, అరచేత్తో తట్టి సదును చేసింది. లేచి లోపలికి పోయి గిన్నెలు బయటికి తెచ్చుడు మొదలుపెట్టింది. ఎవరూ పొమ్మనకముందే.

ఎల్లప్ప, "తలుపులు తీసుకపో చెల్లె. అవి నీవే" అన్నడు. ఆయన కండ్లల్ల నీళ్లున్నయి. ఆ నీళ్లతోని ఏ గోడా లేవదు.

అటెన్క

నేను ఆమెను మా బండి ఎక్కించుకున్న. దయ గాదు, గుంపుల మన్ను తొక్కే మనిషి తక్కువుండె. పనికి తగ్గ కూలి ఇచ్చిన, ఎక్కువ ఇయ్యలే. ఆమె కూడా అడగలే. మేము ఏ ఊరు పోతే ఆ ఊర్ల గుడిసెలేసుకుంటం. ఆమె గుడిసెకు తడకే. రెండు తలుపులు పక్కపక్కన పరిచి వాటి మీద పంటుండె. ఊరు మారినప్పుడు ముందు అవి బండికి ఎక్కిస్తుండె, అటెన్కనే గిన్నెలు.

ఒక్కసారి అడిగిన, "నీకు ఏడనన్నా అర్ర ఏసుకుందామా?" అని. "ఎవరి పెరట్ల?" అన్నది. మళ్ల అడగలే.

ఎంతమంది ఇండ్లకో మన్ను తొక్కింది. వేరేటోళ్ల గడపలు పెట్టేటప్పుడు మాత్రం దగ్గరికి రాకపోతుండె, ముండమోసినదాన్ని అని. నేను రమ్మంటే, "నా చెయ్యి తగిలితే చెదలు పడతయి" అంటుండె, నవ్వుకుంట. పాన్‌గల్ దిక్కు ఒక చలికాలం జరమొచ్చి పోయింది. ఆ గుడిసెల, ఆ తలుపుల మీదనే.

అప్పటి నుంచి నేను కొట్టమని రాయించిన ఇల్లు కట్టలే. దాయాది ఏలు ఒత్తకుంటే తిరిగొచ్చిన. దానితోని చానా పనులు పోయినయి. నేను తిరిగొచ్చిన ఇండ్లకు వేరే గుంపులు పోయినయి, గడపలు మన్నుల దింపినయి. నేను ఇడిసిపెడితే ఆ పద్ధతి ఆగిందని చెప్పను. ఆగలే. ఇప్పుడు సామాన్ల గది అంటుండ్రు.

మా మనుమనికి ఇదంతా నోటితోని చెప్పిన. "అప్పటి కాలం వేరే అవ్వా" అన్నడు. పెరట్ల ఆ సామాన్ల గది ఎవరి కోసం అని అడిగిన. తెల్వదన్నడు. రెండు రోజులయినంక వచ్చి కూసొని, "వాళ్ల అక్కకంట" అన్నడు. ఆ పని చేసిండో ఇడిసిండో నేను అడగలే. వాని పని, వాడే తెంపుకోవాలె.

ఆ రెండు తలుపులు ఇప్పుడు మా ఇంటివే. మద్ది కర్ర, ఆముదం రాస్తే ఇంకా బాగున్నయి. వాటి కింద గడప మాత్రం రాయి పెట్టించిన, జానెడెత్తు. ఆ ఎత్తేందని వడ్లాయన అడిగిండు. వచ్చినోళ్లందరి కాళ్లకు తగుల్తది. మునిమనుమరాలు రోజూ దాని మీద పడి ఏడుస్తది. జర తీయించరాదే అవ్వా, పిల్లకు దెబ్బ తగుల్తుంది అంటది మనుమని పెండ్లాము.

తగలనీ.